ఏడు గీతల పలక

పలక మీద ఏడు గీతలే పడతాయి.
హార్లింగెన్ రేవులో, నీటిమట్టం గదిలో
విబ్రెన్ నలభై ఏళ్ళు దాని మీదే రాశాడు,
గంటకో అంకె, సుద్దముక్కతో.
ఎనిమిదోది వస్తే
పైదాన్ని చొక్కా చేతితో తుడిచేసేవాడు.
అతని మణికట్టు దగ్గర ఎప్పుడూ తెల్లగా అంటుకుని ఉండేది
పోయిన పోటు.

నేను చేరింది రాత్రి డ్యూటీలో.
కూర్చోమనలేదు, పేరడగలేదు.
పలక వైపు తిరిగి పైనుంచి కిందికి చదివాడు:
నూట పది, నూట ఇరవై మూడు, నూట ముప్పై ఒకటి...
ఏడూ అయ్యాక
"ఇక్కణ్ణుంచి నువ్వు విను" అని
తనకు కాఫీ పోసుకున్నాడు.

తర్వాత పలక తీసేశారు.
వాడెన్ సముద్రపు బురదలో పాతిన స్తంభాలు
ఇప్పుడు తామే మాట్లాడతాయి
పది నిమిషాలకో అంకె,
వినేవాళ్ళున్నారో లేదో చూడకుండా.
ఆ ప్రవాహానికి కోడు రాసింది నేనే.
మొదట రాసింది వట్టి ఏరు.
వచ్చిన నీరు వచ్చినట్టే పోయేది.
గట్టెక్కడం ఆలస్యమైనవాడికి
ముందు పోయిన నీళ్ళ ఊసే లేదు.
ఆలస్యం అమృతం విషం అంటారే, అలాగ.

నవంబరు తుఫానులో
తూము కాపలా డౌవె ట్యాబ్లెట్‌కి సిగ్నల్ పోయింది.
తిరిగొచ్చాక తెర మీద ఒకే ఒక్క అంకె,
రెండు వందల నలభై ఒకటి.
ఫోన్ చేశాడు. గాలి అతని గొంతును తుంపులు చేస్తోంది.
"హిస్కే, ఇది పోటా? ఆటా?"

నాకూ తెలియలేదు.
ఒంటి అంకెకు ముఖం ఉండదు.
ఎక్కుతున్నవాడూ దిగుతున్నవాడూ
ఒకే మెట్టు మీద
ఒక్క క్షణం ఒకేలా నిలబడతారు.

మర్నాడు పలకను కోడులోకి తెచ్చాను.
కొత్తగా చెవి ఒగ్గిన ప్రతివాడికీ
ముందు పాత ఏడు, వచ్చిన వరసలోనే.
ఆ తర్వాతే తాజాది.
సగం సినిమాకి వచ్చినవాడి చెవి కొరికి
కథ అందించే పక్కసీటు మనిషిలా.

ఏడే ఎందుకు, అన్నీ ఉంచొచ్చుగా, అన్నారు పైవాళ్ళు.
ఉంచాను.
మూడు వారాలకు మెషిన్ ఊపిరాడక కూలబడింది.
మళ్ళీ ఏడు.

ఇంకో తప్పు కూడా ఉంది, ఒప్పుకోవాలి.
ఆజ్ఞలకూ ఒక పలక పెట్టాను.
ఎండ కాసిన మంగళవారం, సముద్రం పిల్లిలా పడుకున్న వేళ,
డౌవె ట్యాబ్లెట్ ఆపి మళ్ళీ తెరిచాడు.
శనివారం నాటి "తూము మూయండి"
అప్పుడే పుట్టినట్టు అరిచింది.
తలుపులు మూసుకున్నాయి.
రెండు రొయ్యల పడవలు బయటే ఉండిపోయి
బురదకు కడుపానించి
ఆరు గంటలు మమ్మల్ని తిట్టాయి.

విబ్రెన్‌కి చెప్పాను. నవ్వలేదు.
"నేను అంకెలే రాశాను. అరుపులు రాయలేదు.
జరిగింది చెప్పు.
మళ్ళీ జరిపించకు."

ఫిబ్రవరిలో మంచుపలకలు వచ్చి
నాలుగో స్తంభాన్ని విరిచేశాయి.
దాని పేరు పక్కన ఇప్పుడొక మాటే ఉంది: ముగిసింది.

ఈ సోమవారం చేరింది యిల్దౌ, ఇరవై రెండేళ్ళు.
ఏం తోచిందో, దాని మీదే నొక్కింది.
అరవై రెండు. యాభై ఎనిమిది. యాభై ఐదు.
యాభై ఒకటి. నలభై తొమ్మిది.
నలభై ఎనిమిది.
నలభై ఎనిమిది.
అప్పుడు, ముగిసింది.

"బతికే ఉందా ఇది?"
లేదన్నాను.
"మరి నాకెందుకు చెప్పింది?"
జవాబు కోసం వెతుక్కున్నాను,
నా దగ్గరున్నవి ఆ ఏడే.
"ఆటులో పోయింది" అన్నాను. "నీళ్ళు దిగుతుండగా."

ఆమె వాటిని చేతి వెనక పెన్నుతో రాసుకుంది.
చోటు చాలక చివరిది మణికట్టు మీదికి వచ్చింది.
నేను రెండు కప్పుల్లో కాఫీ పోశాను.